బోల్టన్‌ను ముంచింది ఆ పన్నెండు పాయింట్లేనా?

కరోనా వల్ల 2020 మార్చిలో ఆగిపోయిన లీగ్ వన్ (ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో మూడో అంచె) సీజన్‌ను అంతటితో ముగించాలని జూన్ 9న క్లబ్బులు ఓటు వేశాయి. ఆడిన మ్యాచ్‌లకు సగటున ఎన్ని పాయింట్లు వచ్చాయో లెక్కగట్టి స్థానాలు ఖరారు చేశారు. అట్టడుగున మిగిలింది బోల్టన్ వాండరర్స్. 34 మ్యాచ్‌లలో 5 విజయాలు, 11 డ్రాలు, 18 ఓటములు. కొట్టిన గోల్స్ 27, ఇచ్చినవి 66. ఖాతాలో 14 పాయింట్లు. క్లబ్బు దివాలా ప్రక్రియలోకి వెళ్లినందుకు సీజన్ మొదలవకముందే 12 పాయింట్లు కోసేశారు కాబట్టి, బోల్టన్ ఆ కోత వల్లే నాలుగో అంచెకు పడిపోయిందన్న మాట బాగా స్థిరపడింది. వినడానికి సబబుగానే ఉంటుంది కానీ లెక్క వేస్తే నిలవదు.

కోత లేదనుకుందాం. అప్పుడు బోల్టన్‌కు 34 మ్యాచ్‌లలో 26 పాయింట్లు, అంటే మ్యాచ్‌కు 0.76. ఆ ఏడాది గట్టెక్కిన జట్లలో చివరిదైన ఏఎఫ్‌సీ వింబుల్డన్ సగటు సరిగ్గా 1.00. అంటే 12 పాయింట్లు తిరిగి ఇచ్చేసినా బోల్టన్‌కు ఇంకా 8 పాయింట్లు తక్కువే. క్లబ్బుకు ఇంకాస్త అనుకూలంగా చూద్దాం. యువజట్టు పిల్లలతో నెట్టుకొచ్చిన మొదటి ఐదు లీగ్ మ్యాచ్‌లను పక్కన పెట్టి, కొత్త ఆటగాళ్లు వచ్చాక ఆడిన 29 మ్యాచ్‌లే తీసుకుంటే 25 పాయింట్లు, సగటు 0.86. అదీ చాలదు. పాయింట్ల కోత బయటికి కనిపించిన శిక్ష మాత్రమే. అసలు నష్టం 2019 మే మధ్య నుంచి జులై దాకా, ఒక్క లీగ్ మ్యాచ్ కూడా జరగని నెలల్లో జరిగింది. ఆ నష్టం ఏ పాయింట్ల పట్టికలోనూ కనపడదు.

బోల్టన్ అనామక క్లబ్బేమీ కాదు. ఇంగ్లండ్ వాయవ్యాన, మన పాఠ్యపుస్తకాల్లో లాంకషైర్ మిల్లు గుడ్డల పేరుతో పరిచయమైన ప్రాంతంలో, 1874లో పుట్టింది. 1888లో ఫుట్‌బాల్ లీగ్‌ను మొదలుపెట్టిన పన్నెండు క్లబ్బుల్లో ఇదొకటి. ఇంగ్లండ్‌లో పేరున్న నాకౌట్ పోటీ ఎఫ్ఏ కప్‌ను నాలుగుసార్లు గెలిచింది. 2000ల మొదట్లో శామ్ అలర్‌డైస్ మేనేజర్‌గా ఉన్నప్పుడు నైజీరియా మాంత్రికుడు జే-జే ఒకోచా, ఫ్రాన్స్ ప్రపంచకప్ విజేత యూరి జోర్కయెఫ్, రియల్ మాడ్రిడ్ నుంచి వచ్చిన ఇవాన్ కాంపో, అదే క్లబ్బు మాజీ కెప్టెన్ ఫెర్నాండో ఇయెర్రో ఈ జెర్సీ వేసుకున్నారు. యూరప్ క్లబ్బుల పోటీ యూఈఎఫ్ఏ కప్‌ను రెండుసార్లు ఆడింది. ఆ వైభవానికి డబ్బు పెట్టింది ఎడ్డీ డేవిస్ అనే ఒక్క మనిషి. క్లబ్బు సంపాదనకూ ఖర్చుకూ మధ్య తేడాను ఏటా తన అప్పుతో పూడ్చుకొచ్చాడు. టీవీ సొమ్ము దండిగా వచ్చే ప్రీమియర్ లీగ్‌లో ఉన్నంతకాలం ఆ లోటు ఎవరికీ భయం పుట్టించలేదు.

2012 మేలో బోల్టన్ ప్రీమియర్ లీగ్ నుంచి కిందికి పడింది. ఇక్కడ ఐపీఎల్‌కు అలవాటుపడిన పాఠకుడికి ఒక మాట చెప్పాలి. ఐపీఎల్‌లో ఆఖరున నిలిచిన జట్టు మరుసటి ఏడాది అదే లీగ్‌లో, అవే టీవీ హక్కుల వాటాతో మళ్లీ ఆడుతుంది. ఇంగ్లండ్‌లో ఒక అంచె దిగితే ఆదాయమే మారిపోతుంది, కానీ ఆటగాళ్లతో రాసుకున్న ఒప్పందాలు మారవు. పడిపోయిన క్లబ్బు ఒక్కసారిగా కూలకుండా ప్రీమియర్ లీగ్ కొన్నేళ్లు ఊరట చెల్లింపులు ఇస్తుంది. పారాచూట్ డబ్బు అంటారు వాటిని. అప్పట్లో ఆ గడువు నాలుగేళ్లు. బోల్టన్‌కు అది 2016లో అయిపోయింది. అదే ఏడాది జట్టు మూడో అంచెకు పడింది, పన్ను బకాయిల మీద కోర్టు గుమ్మం తొక్కింది, శిక్షణ మైదానాన్ని పొరుగు క్లబ్బు విగన్‌కు అమ్ముకుంది. డేవిస్ తనకు రావలసిన 17 కోట్ల పౌండ్లకు పైగా అప్పును వదులుకుని క్లబ్బును చేతులు మార్చాడు. అంత మొత్తం మాఫీ అయ్యాక కూడా మూడేళ్లలో క్లబ్బు దివాలా తీసిందంటే, సమస్య పాత అప్పుల్లో లేదని అర్థం. రోజువారీ నడకే రాబడికి మించి ఉంది.

కొత్త యజమానుల్లో చివరికి పగ్గాలు మిగిలింది కెన్ ఆండర్సన్ చేతిలో. 2005లో ఆయన మీద కంపెనీ డైరెక్టర్‌గా పనిచేయరాదని ఎనిమిదేళ్ల నిషేధం పడింది. అది ముగిసిపోయింది కాబట్టి లీగ్ నిర్వహించే యజమానుల అర్హత పరీక్షకు అడ్డు రాలేదు. నిజానికి అప్పట్లో ఆ పరీక్ష అడిగేదే చాలా తక్కువ: ప్రస్తుతం నిషేధం ఉందా, ఫలానా నేరాల్లో శిక్ష పడిందా అన్నంత వరకే. క్లబ్బును మూడేళ్లు నడిపే స్తోమత ఉందా, నష్టం వస్తే ఎవరు భరిస్తారు అన్న ప్రశ్నలకు గట్టి జవాబు రాబట్టే పట్టు అప్పటి నిబంధనల్లో లేదు. ఆండర్సన్ హయాంలో జట్టు 2017లో రెండో అంచెకు తిరిగొచ్చిన మాట కూడా చెప్పాలి. ఆట బాగున్నంతకాలం లెక్కల పుస్తకం ఎవరూ అడగరు. 2018 సెప్టెంబరులో డేవిస్ చనిపోయాడు. ఆపదలో చెయ్యందించే ఆఖరి మనిషి కూడా లేకుండా పోయాడు.

2018–19 శీతాకాలం నుంచి జీతాలు ఆలస్యం కావడం మొదలైంది. ఏప్రిల్‌లో ఆటగాళ్లు సమ్మె కట్టారు. బ్రెంట్‌ఫర్డ్‌తో జరగాల్సిన మ్యాచ్ రద్దయింది. తర్వాత దాన్ని ప్రత్యర్థికి 1–0 విజయంగా రాశారు. లారెన్స్ బస్సీని అనే వ్యాపారి కొంటానని ముందుకొచ్చాడు, ఆ బేరం చెడింది. స్టేడియం పక్కనే క్లబ్బుకు చెందిన హోటల్ కూడా మునిగే స్థితిలో పడింది. జీతాలు అందని సిబ్బంది కోసం మే నెలలో అత్యవసర ఆహార నిధి తెరవాల్సి వచ్చింది. టికెట్ కౌంటర్ దగ్గర కూర్చునేవాళ్లు, వంటవాళ్లు, పచ్చిక కోసేవాళ్లు దాతలు తెచ్చి పెట్టిన సరుకులతో ఇంటికి వెళ్లారు. పేరున్న ఆటగాడికి రెండు నెలలు జీతం ఆగితే ఇబ్బంది, వీళ్లకు ఆగితే పస్తు. క్లబ్బు సంక్షోభం గురించి రాసే కథనాలు ఎక్కువగా ఆటగాళ్ల దగ్గరే ఆగిపోతాయి కానీ మొదటి దెబ్బ తగిలేది వీళ్లకే.

మే 13న క్లబ్బు అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లింది. మన దివాలా చట్టం కింద పరిష్కార నిపుణుడు కంపెనీ పగ్గాలు చేపట్టినట్టే, అక్కడ అడ్మినిస్ట్రేటర్ వచ్చి కొనేవాళ్లను వెతుకుతాడు. ఫుట్‌బాల్‌లో దీనికి రెండు ప్రత్యేక నిబంధనలు తోడవుతాయి. ఒకటి 12 పాయింట్ల కోత. రెండోది, ఆటగాళ్లకూ ఇతర క్లబ్బులకూ ఇవ్వాల్సిన బాకీలు మాత్రం పైసాతో సహా తీర్చాలి. మిగతా మామూలు అప్పులవాళ్లకు పౌండుకు పాతిక పెన్నీలైనా దక్కాలి, లేదంటే మరో పదిహేను పాయింట్లు పోతాయి. ఆటగాళ్ల వ్యవస్థ కూలకుండా పెట్టిన నిబంధన ఇది. ఆ ఉద్దేశం తప్పు కాదు. కానీ దాని బరువు పడేది ఊళ్లోని ప్లంబరు మీద, అచ్చుపనులు చేసిపెట్టిన చిన్న ప్రెస్సు మీద.

ఇక కోత విషయంలో తేదీ కీలకం. మార్చి నెలాఖరులో ఒక గడువు ఉంటుంది. దానికి ముందే అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్తే పాయింట్లు ఆ సీజన్‌లోనే పోతాయి. గడువు దాటాక వెళ్తే, అప్పటికే దిగువకు పడిన జట్టుకు వచ్చే సీజన్‌లో పోతాయి. 2018–19లో బోల్టన్ 46 మ్యాచ్‌లకు 32 పాయింట్లతో 23వ స్థానంలో ఉంది, ఎలాగూ పడిపోయేదే. మార్చిలోనే చేతులెత్తేసి ఉంటే ఆ 12 పాయింట్లు పోయినా నష్టం ఏమీ ఉండేది కాదు. కొత్త సీజన్ సున్నా దగ్గర మొదలయ్యేది. అంతకంటే ముఖ్యంగా, కొనేవాళ్లను వెతకడానికి కనీసం నెలన్నర అదనంగా దొరికేది. చివరి క్షణం దాకా సాగదీసిన యజమానులు దీనివల్ల పోగొట్టుకున్నదేమీ లేదు. ఆ భారాన్ని మరుసటి ఏడాది జట్టు మోసింది.

ఇంగ్లండ్‌లో ఆటగాళ్ల ఒప్పందాలు చాలావరకు జూన్ 30తో ముగుస్తాయి. ఎవరిని ఉంచాలి, ఎవరిని పంపాలి అన్నది మేలోనే తేలాలి. జూన్‌లో బేరాలు, జులైలో కఠిన శిక్షణ, స్నేహపూర్వక మ్యాచ్‌లు, ఆగస్టు మొదటి వారంలో లీగ్. మూడో అంచె క్లబ్బులకు బదిలీ రుసుము చెల్లించే స్తోమత తక్కువ కాబట్టి, ఒప్పందం ముగిసి ఖాళీగా ఉన్నవాళ్లను ముందుగా పట్టుకున్నవాడిదే పైచేయి. బోల్టన్‌కు ఆ అవకాశం అసలే లేదు. కొనుగోళ్లపై ఆంక్షలు, చేతిలో డబ్బు లేదు, సంతకం చేయడానికి యజమానీ లేడు. ఉన్నవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. మిగిలిన సీనియర్లకు నెలల తరబడి జీతం లేదు. శిక్షణ మైదానంలో తాగునీళ్లు, స్నానానికి వేడినీళ్లు కూడా లేవని జులైలో ఆటగాళ్లు ప్రకటన ఇచ్చారు. చెస్టర్‌తో స్నేహపూర్వక మ్యాచ్ ఆడబోమన్నారు.

ఆగస్టు 3న వికమ్‌లో మొదటి మ్యాచ్, 0–2 ఓటమి. వారం తర్వాత సొంతగడ్డపై కొవెంట్రీ సిటీ. అప్పుడు దిగిన జట్టు సగటు వయసు సుమారు 19 ఏళ్లు, క్లబ్బు చరిత్రలోనే అతి పిన్న జట్టు. గోల్‌కీపర్ రెమీ మాథ్యూస్, కెప్టెన్ జేసన్ లో (Lowe) తప్ప అనుభవజ్ఞులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. ఎదురుగా ఉన్న కొవెంట్రీ ఆ ఏడాది లీగ్ విజేతగా ముగిసింది. ఆ పిల్లలు దాన్ని 0–0తో ఆపారు. ఆఖరి విజిల్ వినగానే స్టేడియం మొత్తం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. బోల్టన్ పేరు నిలబెట్టిన మ్యాచ్‌ల జాబితా వేస్తే యూరప్ రాత్రుల పక్కన దీన్నీ చేర్చాలి.

కానీ ధైర్యంతో ఒక మ్యాచ్ ఆడొచ్చు, సీజన్ ఆడలేరు. మూడు రోజులకే లీగ్ కప్‌లో రోచ్‌డేల్ చేతిలో 2–5, మరో నాలుగు రోజులకు ట్రాన్‌మియర్‌లో 0–5. మూడో అంచె ఫుట్‌బాల్ అంటే శనివారం, మంగళవారం, మళ్లీ శనివారం. ముప్పై ఏళ్ల డిఫెండర్లతో భుజాలు రాసుకునే ఆట. ఎదిగే వయసు శరీరాలకు వరుసగా ఇన్ని పూర్తి మ్యాచ్‌లు ప్రమాదమని చెప్పి, ఆగస్టు 20న డాన్‌కాస్టర్‌తో ఆట ఆడలేమని క్లబ్బు ఏకపక్షంగా ప్రకటించింది. లీగ్ దీన్ని నిబంధన ఉల్లంఘనగా చూసింది. బ్రెంట్‌ఫర్డ్ మ్యాచ్‌తో కలిపి తర్వాత విచారణ నడిపింది. నిబంధన ప్రకారం అది తప్పే. పిల్లల విషయంలో మాత్రం క్లబ్బు చేసిన పనే సరైనది. మరుసటి రోజు మేనేజర్ ఫిల్ పార్కిన్‌సన్ రాజీనామా చేశాడు. అకాడమీ నుంచి జిమ్మీ ఫిలిప్స్ తాత్కాలికంగా బాధ్యత తీసుకున్నాడు. ఇప్స్‌విచ్ వచ్చి 5–0తో గెలిచి వెళ్లింది.

ఈలోగా అమ్మకం వ్యవహారం కోర్టులు, వాగ్వాదాల మధ్య ఇరుక్కుంది. కొనడానికి ఫుట్‌బాల్ వెంచర్స్ అనే బృందం సిద్ధంగా ఉన్నా, బస్సీని తెచ్చిన కోర్టు ఉత్తర్వు కొన్నాళ్లు, ఆండర్సన్‌కూ డేవిస్ కుటుంబ ట్రస్టుకూ మధ్య హోటల్, అప్పుల మీద పేచీ మరికొన్నాళ్లు దాన్ని ఆపాయి. ఆగస్టు 26న అడ్మినిస్ట్రేటర్ పాల్ ఆపిల్టన్ బేరం చెడిందని, బుధవారం నుంచి మూసివేత మొదలవుతుందని ప్రకటించాడు. 145 ఏళ్ల క్లబ్బుకు రెండు రోజులు మిగిలాయి.

అదే వారం పదిమైళ్ల లోపు దూరంలో ఉన్న బెరీ క్లబ్బు కథ ముగిసింది. 1885లో పుట్టి రెండు ఎఫ్ఏ కప్పులు గెలిచిన బెరీ, అంతకు ముందు సీజన్‌లోనే పై అంచెకు ఎగబాకింది. 2018 డిసెంబరులో స్టీవ్ డేల్ దాన్ని ఒకే ఒక్క పౌండుకు కొన్నాడు. క్లబ్బును నడిపే డబ్బు తన దగ్గర ఉందని లీగ్‌కు రుజువు చూపలేకపోయాడు. మ్యాచ్‌లు ఒకటి తర్వాత ఒకటి వాయిదా పడ్డాయి. ఆఖరి నిమిషంలో వచ్చిన కొనుగోలుదారు వెనక్కి తగ్గాడు. ఆగస్టు 27 రాత్రి బెరీని లీగ్ నుంచి బహిష్కరించారు. 1992లో మెయిడ్‌స్టోన్ తర్వాత అలా పోయిన క్లబ్బు మరొకటి లేదు. మర్నాడు, 28న, బోల్టన్ అమ్మకం పూర్తయింది. షారన్ బ్రిటన్ ఛైర్‌పర్సన్‌గా ఫుట్‌బాల్ వెంచర్స్ పగ్గాలు చేపట్టింది. రెండు క్లబ్బులకూ రోగం ఒకటే. ఒకదానికి కొనేవాళ్లు దొరికారు, మరొకదానికి దొరకలేదు. దీన్ని వ్యవస్థ పనిచేసిందని ఎవరైనా అంటే ఒప్పుకోవడం కష్టం.

కొత్త యాజమాన్యం కీత్ హిల్‌ను మేనేజర్‌గా, డేవిడ్ ఫ్లిట్‌క్రాఫ్ట్‌ను సహాయకుడిగా తెచ్చింది. ఇద్దరూ బోల్టన్‌లో పుట్టినవాళ్లే. వచ్చిన రోజే గిల్లింగమ్‌లో 0–5. అప్పటికి ఐదు లీగ్ మ్యాచ్‌లు, 17 గోల్స్ ఇచ్చారు, ఒక్కటీ కొట్టలేదు. సెప్టెంబరు 2న బదిలీల గడువు ముగిసేలోపు గబగబా జట్టును కూర్చారు. డారిల్ మర్ఫీ, క్రిస్ ఓగ్రేడీ లాంటి ముప్పై దాటిన స్ట్రైకర్లు, ఇతర క్లబ్బుల నుంచి అరువు తెచ్చుకున్నవాళ్లు. చాలామందికి వేసవి శిక్షణ సరిగా లేదు, ఒకరి ఆట ఒకరికి తెలియదు. సెప్టెంబరు 14న రాథరమ్ 6–1తో ఓడించింది. ఆ ఒక్క గోలే సీజన్‌లో లీగ్‌లో బోల్టన్ మొదటి గోల్.

అక్టోబరు 22, మంగళవారం రాత్రి బ్రిస్టల్ రోవర్స్ మైదానంలో 2–0తో తొలి విజయం. నాలుగు రోజులకు ఫ్లీట్‌వుడ్ మీద 2–1. నవంబరులో ఎంకే డాన్స్‌ను 1–0తో ఓడించాక గానీ ఖాతా సున్నాకు చేరలేదు. మిగతా జట్లు ఆగస్టులో బయల్దేరిన చోటికి బోల్టన్ నవంబరులో చేరింది. చాలామందికి తట్టని సంగతి ఇక్కడే ఉంది. మైనస్‌లో ఉన్నంతకాలం ఆ జట్టుకు ఒక లక్ష్యం ఉంది. ప్రతి డ్రా ఒక మెట్టు. సున్నా దాటాక కూడా పై జట్టు అందనంత దూరంలోనే ఉంది. ఒక మ్యాచ్‌లో అక్రింగ్‌టన్ 7–1తో చితకబాదింది. మొత్తం మీద గెలిచింది ఐదే. మార్చిలో ఆట ఆగేనాటికి బోల్టన్ పడిపోవడం దాదాపు ఖాయమైంది. 11 డ్రాలు చూస్తే అర్థమవుతుంది: వీళ్లకు ఓడకుండా పట్టుకోవడం కొంత వచ్చింది, గెలవడం రాలేదు. ఆ నేర్పు జులైలో రావాలి, జనవరిలో కాదు.

పొరుగున ఉన్న బ్లాక్‌బర్న్ రోవర్స్‌తో పోల్చి చూడటం ఇక్కడ అవసరం. 2012లో బోల్టన్‌తో పాటే ప్రీమియర్ లీగ్ నుంచి పడిన క్లబ్బు అది. మన ఇళ్లలో చికెన్ పేరుగా తెలిసిన పుణె వెంకీస్ సంస్థ 2010 నవంబరులో దాన్ని కొంది. అక్కడి అభిమానులు ఆ యాజమాన్యాన్ని ఏళ్ల తరబడి నిలదీశారు, కారణాలూ ఉన్నాయి. 2017లో బ్లాక్‌బర్న్ కూడా మూడో అంచెకు పడింది, కానీ ఒక్క ఏడాదిలోనే తిరిగొచ్చింది. తేడా ఎక్కడుందంటే, వెంకీస్ ఆ ఏళ్లలో నష్టాలకు డబ్బు పంపడం ఆపలేదు. ఆటలో తప్పులు చేసినా జేబు తెరిచి ఉంచిన యజమాని క్లబ్బును బతికించగలడు. అయితే అదీ భద్రత కాదు. ఒక కుటుంబం మనసు మారకుండా ఉండటం మీద ఒక ఊరి క్లబ్బు ఆధారపడి ఉండటమే. డేవిస్ ఉన్నప్పుడు బోల్టన్ కూడా సరిగ్గా అలాగే బతికింది.

ఈ సీజన్‌లో అన్యాయం జరిగిందంటూ మాట్లాడాల్సి వస్తే మొదటి హక్కు ట్రాన్‌మియర్‌ది. ఆట ఆగేముందు వరుసగా మూడు మ్యాచ్‌లు గెలిచి, వింబుల్డన్ కంటే ఒక మ్యాచ్ తక్కువ ఆడి మూడు పాయింట్ల దూరంలో ఉంది. సగటు లెక్కలో 0.94 వచ్చి బోల్టన్, సౌతెండ్‌లతో పాటు కిందికి పోయింది. బెరీ లేకపోవడంతో లీగ్‌లో 23 జట్లే మిగిలి, నాలుగింటికి బదులు మూడే పడ్డాయి. అయినా ట్రాన్‌మియర్‌కు ఊరట దక్కలేదు. బోల్టన్ పిల్లలతో ఆడిన ఆగస్టులో ఎదురుపడిన జట్లకు సులువుగా పాయింట్లు దొరికాయి, నవంబరు తర్వాత ఎదురుపడినవాళ్లకు అంత సులువుగా దొరకలేదు. ఒక క్లబ్బు ఆర్థికంగా చితికితే లీగ్ మొత్తం తూకం తప్పుతుందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

హిల్ ఒప్పందాన్ని పొడిగించలేదు. బారో నుంచి ఇయన్ ఎవాట్ వచ్చాడు. 2020–21లో, నాలుగో అంచెలో, బోల్టన్ మొదట తడబడి పట్టిక దిగువ భాగంలో నలిగింది. కొత్త సంవత్సరంలో కుదురుకుని వరుసగా గెలుస్తూ 79 పాయింట్లతో మూడో స్థానంలో నిలిచి, మే 8న క్రాలీలో 4–1తో గెలిచి మళ్లీ పైకి వచ్చింది. ఆ తొలి నెలల తడబాటు కూడా పాత బాకీయే. రెండేళ్లు వరుసగా జట్టును మొదటి నుంచి కట్టాల్సి వచ్చిన క్లబ్బుకు కుదురుకోవడానికి అంత సమయం పట్టింది. ఈసారి దాని చేతిలో ఒక వేసవి ఉంది, జీతాలిచ్చే యాజమాన్యం ఉంది.

బెరీ పతనం ఇంగ్లండ్ రాజకీయాల్ని కదిలించింది. మాజీ క్రీడా మంత్రి ట్రేసీ క్రౌచ్ నాయకత్వంలో, ఫుట్‌బాల్ నిర్వహణ మీద అభిమానుల సమీక్ష 2021లో వెలువడింది. దాని ఫలితంగా 2025 జులైలో ఫుట్‌బాల్ గవర్నెన్స్ చట్టం వచ్చింది. క్లబ్బులకు లైసెన్సు, కొనే మనిషి డబ్బు ఎక్కడిదో ఆరా తీసే అధికారం, స్వతంత్ర నియంత్రణ సంస్థ అందులో ఉన్నాయి. 2018లో ఆ సంస్థ ఉండి ఉంటే పౌండుకు బెరీని కొనడం అంత తేలిగ్గా అయ్యేది కాదు, బోల్టన్ లెక్కల పుస్తకాన్ని శీతాకాలంలోనే ఎవరో ఒకరు తెరిపించేవారు. కానీ పై అంచెకూ కింది అంచెలకూ మధ్య ఆదాయపు అగాధం అలాగే ఉంది. ప్రీమియర్ లీగ్ తన సొమ్ములో ఎంత కింది లీగ్‌లకు ఇవ్వాలన్న బేరం ఏళ్లుగా తెగడం లేదు. తెగకపోతే ఒక తీర్పు రుద్దే అధికారాన్ని చట్టం నియంత్రణ సంస్థకు ఇచ్చింది. దాన్ని వాడే ధైర్యం ఆ సంస్థ చేస్తుందా లేదా అన్నదే, ఈ అంచెల్లో బతుకీడుస్తున్న మిగతా క్లబ్బులకు యజమానుల అర్హత పరీక్ష కంటే పెద్ద విషయం.